పాత హార్డ్ డిస్క్‌లోని విండోస్‌ను కొత్త ఎస్ఎస్‌డీకి మార్చడం: తరచుగా అడిగే ప్రశ్నలు

హార్డ్ డిస్క్ తీసేసి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేకుండా చిప్పుల మీద సమాచారం దాచే డిస్క్) వేసుకుందామనుకునే వాళ్ళందరికీ దాదాపు ఇవే సందేహాలు వస్తున్నాయి, అందుకే ఒకచోట చేర్చాం. విండోస్ 10, 11 నడిచే ల్యాప్‌టాప్‌లు, డెస్క్‌టాప్‌ల కోసం రాసినవి ఇవి. ఏ ప్రశ్నకా ప్రశ్న విడిగా చదువుకోవచ్చు. కమాండ్ల పేర్లు తెలుగు లిపిలో ఇచ్చాం, టైపు చేసేటప్పుడు ఇంగ్లిష్ అక్షరాల్లో కొట్టాలి. నిజానికి ఈ పనిలో కాపీ చెయ్యడమే తేలిక. ఎక్కువమందికి పని చెడేది కాపీకి ముందు చూసుకోని వాటివల్ల, కాపీ అయ్యాక పడే తొందరవల్ల.

## కొనే ముందు

ఎస్ఎస్‌డీ వేస్తే నిజంగా తేడా తెలుస్తుందా? ర్యామ్ పెంచుకుంటే సరిపోదా?

టాస్క్ మేనేజర్ తెరిచి పెర్ఫార్మెన్స్ ట్యాబ్ చూడండి. ఏ పనీ చెయ్యకపోయినా డిస్క్ 100 శాతం దగ్గరే కూర్చుంటే అడ్డం హార్డ్ డిస్కే. నిమిషానికి 5400 చుట్లు తిరిగే డిస్క్‌లో చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్ళను చదవాలంటే హెడ్ ప్రతిసారీ జరగాలి, పళ్ళెం తిరిగి రావాలి. అలాంటివి సెకనుకు వందలోపే చదవగలదు. మామూలు సాటా (పాత తరహా కనెక్షన్) ఎస్ఎస్‌డీ వేలల్లో చదువుతుంది. విండోస్ మొదలవడమంటేనే వేల చిన్న ఫైళ్ళు చదవడం కాబట్టి తేడా మొదటి రోజే తెలుస్తుంది.

ర్యామ్ 4 జీబీయే ఉంటే మాత్రం రెండూ చెయ్యండి. ర్యామ్ చాలకపోతే విండోస్ ఎస్ఎస్‌డీనే తాత్కాలిక మెమొరీగా వాడుకుంటూ దాన్ని అనవసరంగా అరగదీస్తుంది.

మా ల్యాప్‌టాప్‌లో ఏ రకం ఎస్ఎస్‌డీ పడుతుందో ఎలా తెలుసుకోవాలి?

మూడు రకాలున్నాయి. హార్డ్ డిస్క్ ఆకారంలోనే ఉండే 2.5 అంగుళాల సాటా, చిన్న పట్టీలా ఉండే ఎం.2 సాటా, అదే ఆకారంలో ఉండి ఇంకా వేగమైన కనెక్షన్ వాడే ఎం.2 ఎన్‌వీఎంఈ. చివరి రెండింటితోనే తికమక. చూడ్డానికి ఒకేలా ఉంటాయి, కానీ ఎం.2 స్లాట్ ఉన్నంత మాత్రాన రెండూ పనిచేస్తాయని కాదు. కొన్ని స్లాట్లు సాటాకే, కొన్ని ఎన్‌వీఎంఈకే, కొన్ని రెండింటికీ. పట్టీ చివర రెండు గాట్లుంటే అది సాధారణంగా సాటా, ఒకే గాటు ఉంటే సాధారణంగా ఎన్‌వీఎంఈ. గాట్లను నమ్ముకుని కొనొద్దు. ల్యాప్‌టాప్ అడుగున ఉన్న పూర్తి మోడల్ నంబర్‌తో కంపెనీ సైట్‌లో సర్వీస్ మాన్యువల్ దింపుకుని స్టోరేజ్ పేజీ చూడండి.

పొడవు కూడా చూడాలి. 2280 అంటే 22 మిల్లీమీటర్ల వెడల్పు, 80 పొడవు. 2242 స్లాట్‌లో అది పట్టదు. 2.5 అంగుళాలవి ఇప్పుడు 7 మిల్లీమీటర్ల మందంతో వస్తాయి. పాత డిస్క్ 9.5 మిల్లీమీటర్లదైతే కొత్తది వదులుగా కదలకుండా ప్లాస్టిక్ స్పేసర్ పెట్టాలి. బాగా చవక ల్యాప్‌టాప్‌లలో 32 లేదా 64 జీబీ ఈఎంఎంసీ చిప్ మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది. దాన్ని తియ్యలేరు. పక్కన ఖాళీ ఎం.2 స్లాట్ ఉంటే అదృష్టమే.

500 జీబీ హార్డ్ డిస్క్ నుంచి 256 జీబీ ఎస్ఎస్‌డీకి వెళ్ళొచ్చా?

వెళ్ళొచ్చు. చూడాల్సింది డిస్క్ సైజు కాదు, అందులో నిండిన సమాచారం. 256 జీబీ ఎస్ఎస్‌డీని విండోస్ 238 జీబీగా చూపిస్తుంది. కంపెనీ 1000 లెక్కన కొలుస్తుంది, విండోస్ 1024 లెక్కన కొలుస్తుంది. అందులో ఐదో వంతు ఖాళీగా ఉండాలి. అంటే 190 జీబీ లోపు సమాచారముంటేనే నిశ్చింత. సినిమాలు, పెళ్ళి వీడియోలు ముందుగా ఎక్స్‌టర్నల్ డిస్క్‌కి తరలించండి.

చాలా క్లోన్ సాఫ్ట్‌వేర్లు (డిస్క్‌ను ఉన్నదున్నట్టు ఇంకో డిస్క్‌కి కాపీ చేసేవి) పార్టిషన్‌ను, అంటే డిస్క్‌లో విడగొట్టిన భాగాన్ని, వాటంతట అవే కుదిస్తాయి. క్లోన్‌జిల్లా అనే ఉచిత సాఫ్ట్‌వేర్ మాత్రం మామూలు పద్ధతిలో చిన్న డిస్క్‌కి ఒప్పుకోదు, ముందే కుదించి ఇవ్వాలి. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సి డ్రైవ్‌ను కొంతమేరకు మించి కుదించనివ్వకపోతే కదలని ఫైళ్ళు అడ్డుపడుతున్నట్టు: హైబర్నేషన్ ఫైల్, పేజ్ ఫైల్, రిస్టోర్ పాయింట్లు. వాటిని తాత్కాలికంగా ఆపేసి మళ్ళీ ప్రయత్నించండి. మా సలహా అడిగితే 500 జీబీ తీసుకోండి. నెలలో నిండిపోయే డిస్క్ కొని మళ్ళీ ఇదే పని చెయ్యడం దండగ.

ఎన్‌వీఎంఈ కొంటే సాటా కంటే ఆరేడు రెట్లు వేగమా?

పెద్ద ఫైలు కాపీ చేసేటప్పుడు, అవును. సాటా సెకనుకు 550 ఎంబీ దగ్గర ఆగిపోతుంది, మూడో తరం ఎన్‌వీఎంఈ 3500 దాకా వెళ్తుంది. బ్రౌజర్, టాలీ, వర్డ్ వాడేవాళ్ళకు రెండింటి మధ్య తేడా కనిపెట్టడం కష్టం. స్లాట్ ఉంటే ఎన్‌వీఎంఈ కొనండి, లేకపోతే బాధపడొద్దు. పాత డెస్క్‌టాప్‌లో అడాప్టర్ కార్డు పెట్టి ఎన్‌వీఎంఈ వెయ్యాలనుకునేవాళ్ళు ఒకటి చూసుకోవాలి: బయోస్‌కు (ఆన్ కాగానే మదర్‌బోర్డులో ముందుగా నడిచే ప్రోగ్రాం) ఎన్‌వీఎంఈ నుంచి బూట్ అయ్యే సదుపాయం లేకపోతే ఆ డిస్క్ విండోస్‌లో కనిపిస్తుంది గానీ దాని నుంచి విండోస్ మొదలవదు.

ఆన్‌లైన్‌లో 2 టీబీ ఎస్ఎస్‌డీ నమ్మలేనంత చవకగా ఉంది. కొనొచ్చా?

వద్దు. లోపల చిన్న మెమొరీ కార్డు పెట్టి 2 టీబీ అని చూపించేలా మార్చినవి తిరుగుతున్నాయి. ఇలాంటివి నిండేదాకా బాగానే ఉంటాయి, తర్వాత రాసిన ఫైళ్ళు తెరుచుకోవు. కొనేసి ఉంటే హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మొత్తం నింపి పరీక్షించండి. పేరున్న కంపెనీది, జీఎస్టీ బిల్లుతో తీసుకోండి. వారంటీకి ఆ బిల్లే ఆధారం.

## కాపీకి ముందు

క్లోన్ చెయ్యాలా, విండోస్ కొత్తగా ఎక్కించుకోవాలా?

సిస్టమ్ ఆరోగ్యంగా ఉండి, మళ్ళీ ఎక్కించడం కష్టమైన సాఫ్ట్‌వేర్లు ఉంటే క్లోన్. ఏళ్ళ తరబడి చెత్త పేరుకుని, వైరస్ తగిలి, అప్‌డేట్లు సగంలో ఆగిపోతూ ఉంటే కొత్తగా ఎక్కించండి. క్లోన్ చేస్తే రోగం కూడా కొత్త డిస్క్‌కి వచ్చేస్తుంది.

ఇంకో లెక్క కూడా ఉంది. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. మీ యంత్రం విండోస్ 11కి సరిపోతే, అంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్, ఇంటెల్ అయితే ఎనిమిదో తరం లేదా ఆపైది ఉంటే, ఎలాగూ డిస్క్ మారుస్తున్నారు కాబట్టి విండోస్ 11నే శుభ్రంగా ఎక్కించడం మేలు. మీడియా క్రియేషన్ టూల్, 8 జీబీ పెన్‌డ్రైవ్ చాలు.

పాత హార్డ్ డిస్క్ కాపీకి తట్టుకుంటుందా? ఎలా చూడాలి?

క్రిస్టల్ డిస్క్ ఇన్ఫో అనే ఉచిత సాఫ్ట్‌వేర్ తెరవండి. పైన ఉన్న గుడ్, కాషన్ అనే రంగు ముద్రతో ఆగకుండా కింద 05, సీ5, సీ6 వరుసలు చూడండి. 05 అంటే చెడిపోయి ఇప్పటికే పక్కన పెట్టేసిన సెక్టార్లు (డిస్క్‌లో సమాచారం రాసే చిన్న గడులు). అది కొద్దిగా ఉండి చాలాకాలంగా పెరగకపోతే మరీ భయం లేదు. సీ5 అంటే చదవలేక వేలాడుతున్నవి. సీ6 అంటే పరీక్షలో సరిచెయ్యలేకపోయినవి. ఈ రెండింటిలో ఏది సున్నా కాకపోయినా మామూలు క్లోన్ మధ్యలో ఆగిపోయే అవకాశం ఎక్కువ.

అప్పుడు ముందు ఫొటోలు, డాక్యుమెంట్లు, టాలీ డేటా వంటి మళ్ళీ దొరకనివి వేరే డిస్క్‌కి కాపీ చేసుకోండి. ఆ తర్వాతే మిగతా ఆలోచన. పాడవుతున్న డిస్క్ మీద చెక్‌డిస్క్‌ను /ఆర్ తో నడపడం చాలామంది చేసే పొరపాటు. డిస్క్ మొత్తం గంటల తరబడి చదివించేసరికి మిగిలిన ప్రాణం కూడా పోతుంది. అలాంటి డిస్క్‌కి లినక్స్ పెన్‌డ్రైవ్ నుంచి డీడీ రెస్క్యూ వాడాలి. అది ముందు బాగున్న చోట్లన్నీ కాపీ చేసి, చెడ్డచోట్ల దగ్గరికి ఆఖరున వస్తుంది. టిక్ టిక్ మని చప్పుడు వస్తుంటే ఏ సాఫ్ట్‌వేరూ వాడకండి, వెంటనే ఆపేసి డేటా రికవరీ చేసేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి.

నేను బిట్‌లాకర్ ఎప్పుడూ ఆన్ చెయ్యలేదు. నాకూ దానితో పనుందా?

ఉంది. బిట్‌లాకర్ అంటే డిస్క్‌లోని సమాచారానికి తాళం వేసే విండోస్ సదుపాయం. డివైస్ ఎన్‌క్రిప్షన్ అనే పేరుతో అది దానంతటదే ఆన్ అయి ఉండొచ్చు. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయిన ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా విండోస్ 11 24హెచ్2 తాజాగా ఎక్కించిన వాటిలో, ఇది మామూలే. సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ కింద చూడండి. కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మిన్‌గా తెరిచి మేనేజ్-బీడీఈ -స్టేటస్ కొట్టినా తెలుస్తుంది.

ఆన్‌లో ఉంటే ముందుగా 48 అంకెల రికవరీ కీని మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ నుంచి తీసి కాగితం మీద రాసుకోండి. ఫోన్‌లో ఫొటో కూడా పెట్టుకోండి. కాపీ చెయ్యబోయే కంప్యూటర్‌లో మాత్రమే దాచుకుంటే ఉపయోగం లేదు. తర్వాత ఎన్‌క్రిప్షన్ ఆఫ్ చేసి, పూర్తిగా డీక్రిప్ట్ అయ్యేదాకా ఆగండి. నిండిన హార్డ్ డిస్క్‌లో దీనికి కొన్ని గంటలు పడుతుంది. తాళం వేసిన డిస్క్‌ను పెన్‌డ్రైవ్ నుంచి నడిచే క్లోన్ సాఫ్ట్‌వేర్ అర్థం చేసుకోలేదు. ఖాళీ జాగాతో సహా మొత్తం గుడ్డిగా కాపీ చేస్తుంది, చిన్న ఎస్ఎస్‌డీకి అయితే అసలు కుదరదు. కొత్త డిస్క్ సరిగ్గా నడిచాక మళ్ళీ ఆన్ చేసుకోండి.

ఎంబీఆర్, జీపీటీ అంటున్నారు. నాకు ఏది ఉందో చూసుకోకపోతే ఏమవుతుంది?

డిస్క్ మీద పార్టిషన్ల పట్టిక రాసే రెండు పద్ధతులివి, ఎంబీఆర్ పాతది, జీపీటీ కొత్తది. అదే కంప్యూటర్‌లో డిస్క్ మాత్రం మారుస్తుంటే ఏమీ కాదు. ఉన్నది ఉన్నట్టు కాపీ అయి నడుస్తుంది. చిక్కంతా బయోస్ పద్ధతి మారినప్పుడు వస్తుంది. ఎంబీఆర్ డిస్క్ లెగసీ అనే పాత బయోస్ పద్ధతిలో బూట్ అవుతుంది, జీపీటీ డిస్క్ యూఈఎఫ్ఐ అనే కొత్త పద్ధతిలో. ఎన్‌వీఎంఈ స్లాట్లున్న కొత్త బోర్డులు చాలావరకు యూఈఎఫ్ఐకే పనిచేస్తాయి. విండోస్ 11కి కూడా అదే కావాలి. రన్ బాక్స్‌లో ఎంఎస్ఇన్ఫో32 కొట్టి బయోస్ మోడ్ వరుస చూస్తే మీది ఏదో తెలుస్తుంది.

మార్చాలంటే విండోస్ 10 1703 నుంచి ఉన్న ఎంబీఆర్2జీపీటీ ఉంది. డేటా పోకుండా మారుస్తుంది. ముందు /వాలిడేట్ తో పరీక్షించాలి. మూడుకు మించి ప్రైమరీ పార్టిషన్లున్నా, ఎక్స్‌టెండెడ్ పార్టిషన్ ఉన్నా ఒప్పుకోదు. డి, ఇ, ఎఫ్ అని డ్రైవ్‌లు విడగొట్టిన పాత డెస్క్‌టాప్‌లలో ఇది తిరస్కరించడానికి కారణం ఎక్కువగా అదే. అదే కంప్యూటర్ లెగసీలో బూట్ అవుతున్నంతవరకు క్రమం ఇలా ఉంటే క్షేమం: ముందు ఉన్నదున్నట్టు క్లోన్ చెయ్యండి, కొత్తది బూట్ అవుతోందని చూసుకోండి, ఆ కొత్తదాని మీద మార్చండి, చివరగా బయోస్‌ను యూఈఎఫ్ఐకి తిప్పండి. పాత డిస్క్‌ను ముట్టుకోకపోతే వెనక్కి దారి ఉంటుంది.

టాలీ లైసెన్స్, అను ఫాంట్లు, డిజిటల్ సంతకం టోకెన్ ఏమవుతాయి?

క్లోన్ చేస్తే అను స్క్రిప్ట్, ఫాంట్లు, కీబోర్డు సెట్టింగ్‌లు ఉన్నదున్నట్టే వస్తాయి. డీటీపీ వాళ్ళు క్లోన్‌నే ఎంచుకోవడానికి ఇదే కారణం. కొత్తగా ఎక్కిస్తే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్ల సెటప్ ఫైళ్ళు, లైసెన్స్ వివరాలు ముందుగా చేతిలో ఉంచుకోండి. పాత సీడీ ఇప్పుడు చదవదని తర్వాత తెలిస్తే ఇబ్బంది.

టాలీ లైసెన్స్ కంప్యూటర్‌తో ముడిపడి ఉంటుంది. డిస్క్ మారాక మళ్ళీ అడిగితే సీరియల్ నంబర్, నమోదు చేసిన ఈమెయిల్ కావాలి. ఆ ఈమెయిల్ పాత ఉద్యోగిదో, అకౌంటెంట్‌దో అయితే ఇప్పుడే సరిచూసుకోండి. లైసెన్స్‌ను ముందుగా సరెండర్ చేసి, కొత్త డిస్క్ మీద తిరిగి యాక్టివేట్ చేసుకోవడం శుభ్రమైన పద్ధతి. కంపెనీ డేటా బ్యాకప్ వేరే పెన్‌డ్రైవ్‌లో తప్పనిసరి. డిజిటల్ సంతకం యూఎస్‌బీ టోకెన్‌లోనే ఉంటుంది, డిస్క్‌తో పోదు. కొత్తగా విండోస్ ఎక్కిస్తే టోకెన్ డ్రైవర్ మాత్రం మళ్ళీ వేసుకోవాలి.

కాపీ మొదలుపెట్టే ముందు చివరిగా ఏమేం చూసుకోవాలి?

- ముఖ్యమైన ఫైళ్ళ కాపీ మూడో చోట ఉండాలి. క్లోన్‌ను బ్యాకప్‌గా లెక్కేయకండి.
- అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ /హెచ్ ఆఫ్. దీంతో ఫాస్ట్ స్టార్టప్ కూడా ఆగుతుంది. అది ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ సగం నిద్రలోనే ఉంటుంది, బయటినుంచి కాపీ చేసే సాఫ్ట్‌వేర్లు ఆ డ్రైవ్‌ను తీసుకోవు.
- డిస్క్ క్లీనప్‌లో పాత విండోస్ ఫోల్డర్, టెంపరరీ ఫైళ్ళు తీసెయ్యండి. పది, ఇరవై జీబీలు తేలిగ్గా తగ్గుతాయి.
- డిస్క్ ఆరోగ్యంగా ఉంటే చెక్‌డిస్క్ సి: /ఎఫ్ ఒకసారి. ఫైల్ సిస్టమ్‌లో తప్పులుంటే చాలా క్లోన్ సాఫ్ట్‌వేర్లు మధ్యలో ఆగుతాయి.

## కాపీ చేసేటప్పుడు

ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి? ఉచితంగా ఏవి ఉన్నాయి?

ముందు మీరు కొన్న ఎస్ఎస్‌డీ కంపెనీ ఇచ్చేది చూడండి. శామ్‌సంగ్‌కి సొంత డేటా మైగ్రేషన్ టూల్ ఉంది, అది శామ్‌సంగ్ ఎస్ఎస్‌డీకి కాపీ చెయ్యడానికే పనిచేస్తుంది. క్రూషియల్, వెస్టర్న్ డిజిటల్ వాళ్ళు ఆక్రోనిస్ ప్రత్యేక ఎడిషన్ ఇస్తారు. మాక్రియం రిఫ్లెక్ట్ ఉచిత ఎడిషన్‌ను ఆ కంపెనీ ఆపేసింది. పాత వీడియోల్లో చూసి దాని కోసం ఎక్కడెక్కడో వెతికి ఏది పడితే అది దింపుకోకండి.

పూర్తిగా ఉచితమైనవి క్లోన్‌జిల్లా, రెస్క్యూజిల్లా. రెండూ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అవుతాయి. క్లోన్‌జిల్లా నమ్మకమైనదే గానీ అన్నీ అక్షరాల తెరలే. రెస్క్యూజిల్లాలో మౌస్‌తో పని కానివ్వొచ్చు.

ల్యాప్‌టాప్‌లో డిస్క్‌కి ఒకే చోటుంది. కొత్తది ఎక్కడ తగిలించాలి?

2.5 అంగుళాల దానికి యూఎస్‌బీ-సాటా కేబుల్, ఎన్‌వీఎంఈకి ఎన్‌వీఎంఈ ఎన్‌క్లోజర్ (డిస్క్‌ను లోపల పెట్టి యూఎస్‌బీకి తగిలించే చిన్న పెట్టె). ఎం.2 ఎన్‌క్లోజర్లలో సాటా మాత్రమే తీసుకునేవి ఉన్నాయి, కొనేటప్పుడు చదువుకోండి. నీలం రంగు యూఎస్‌బీ 3.0 పోర్టుకే నేరుగా తగిలించండి, హబ్ వద్దు. డెస్క్‌టాప్ అయితే ముందువైపు పోర్టు కాకుండా మదర్‌బోర్డు వెనక పోర్టు వాడండి. కాపీ మధ్యలో డిస్క్ మాయమవడానికి సగం కారణం వదులు కేబుళ్ళే. డెస్క్‌టాప్‌లో ఖాళీ సాటా కేబుల్ ఉంటే యూఎస్‌బీ జోలికే వెళ్ళొద్దు.

ఒక అరుదైన చిక్కు: కొన్ని ఎన్‌క్లోజర్లు 512 బైట్ల సెక్టార్‌ను 4096గా చూపిస్తాయి. అందులో చేసిన క్లోన్ లోపల బిగించాక ఖాళీ డిస్క్‌లా కనిపిస్తుంది. అలా అయితే పాత, కొత్త డిస్క్‌లను తారుమారు చెయ్యండి. కొత్తది ల్యాప్‌టాప్ లోపల, పాతది యూఎస్‌బీలో పెట్టి, పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయి కాపీ చెయ్యండి.

సి డ్రైవ్ ఒక్కటీ కాపీ చేస్తే చాలదా?

చాలదు. యూఈఎఫ్ఐ కంప్యూటర్‌లో విండోస్ మొదలయ్యేది సి నుంచి కాదు, 100 ఎంబీ లేదా ఆపైన ఉండే ఈఎఫ్ఐ పార్టిషన్ నుంచి. దానికి డ్రైవ్ అక్షరం ఉండదు కాబట్టి దిస్ పీసీలో కనిపించదు. దానితోపాటు 16 ఎంబీ రిజర్వ్‌డ్ పార్టిషన్, సి, రికవరీ పార్టిషన్ అన్నీ వెళ్ళాలి. సాఫ్ట్‌వేర్‌లో పార్టిషన్ కాపీ కాకుండా మొత్తం డిస్క్ క్లోన్ ఎంచుకోండి.

సోర్స్, టార్గెట్ ఏది ఏదో మోడల్ పేరు, సైజు చూసి నిర్ధారించుకోండి. తిరగేస్తే ఖాళీ డిస్క్ నిండు డిస్క్ మీద కూర్చుంటుంది. రెండూ ఒకే సైజు, ఒకే కంపెనీవి అయితే సీరియల్ నంబర్ చూడండి. కొత్త ఎస్ఎస్‌డీ దిస్ పీసీలో కనిపించకపోవడం మామూలే, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో నాట్ ఇనిషియలైజ్డ్ అని ఉంటుంది. క్లోన్ టూల్ దాన్ని తనే సిద్ధం చేసుకుంటుంది.

ఎంతసేపు పడుతుంది? 37 శాతం దగ్గర ఆగిపోయింది.

పాత డిస్క్ సెకనుకు 80 ఎంబీ ఇస్తే 200 జీబీ సమాచారానికి 40, 45 నిమిషాలు. అదే యూఎస్‌బీ 2.0 పోర్టులో గంటన్నర దాటుతుంది. ఒకే శాతం దగ్గర చాలాసేపు నిలబడితే చెడ్డ సెక్టార్ దగ్గర చదవలేక మళ్ళీ మళ్ళీ ప్రయత్నిస్తోందని అర్థం. డిస్క్ లైటు వెలుగుతూ ఉంటే ఓ అరగంట చూడండి. ఆ తర్వాత కూడా కదలకపోతే ఆపేసి డిస్క్ ఆరోగ్యం పరీక్షించండి.

మధ్యలో కరెంటు పోతే పాత డేటా పోతుందా?

పోదు. క్లోన్ పాత డిస్క్‌ను చదువుతుంది, దాని మీద రాయదు. కొత్తది సగంలో ఆగిపోతుంది, మళ్ళీ మొదటినుంచి చెయ్యాలి, అంతే. పాత డిస్క్ మీద పార్టిషన్ కుదిస్తున్నప్పుడు కరెంటు పోతే మాత్రం నిజంగా ప్రమాదం. డెస్క్‌టాప్‌కి యూపీఎస్ లేకుండా ఆ పని పెట్టుకోకండి. ఇంటి ఇన్వర్టర్‌కి మారే ఆ క్షణంలో కొన్ని డెస్క్‌టాప్‌లు రీస్టార్ట్ అయిపోతాయి.

## బిగించడం, మొదటి బూట్

ల్యాప్‌టాప్ విప్పేటప్పుడు ఏం జాగ్రత్త పడాలి?

షిఫ్ట్ నొక్కి పట్టుకుని షట్‌డౌన్ కొట్టండి, అప్పుడు పూర్తిగా ఆగుతుంది. ఛార్జర్ తీసెయ్యండి. అడుగు మూత తెరిచాక మొదటి పని బ్యాటరీ కనెక్టర్ ఊడదీయడం. స్క్రూలు ఒకే పొడవుండవు. కాగితం మీద మూత బొమ్మ గీసి ఎక్కడిది అక్కడే గుచ్చి పెట్టండి. పొడవుది పొట్టిదాని చోట బిగిస్తే కీబోర్డు వైపు పొడుచుకొస్తుంది. మూత రాకపోతే బలం ఉపయోగించకండి, రబ్బరు కాళ్ళ కింద ఇంకో స్క్రూ ఉండొచ్చు. అంచులు విప్పడానికి పాత ఏటీఎం కార్డు సరిపోతుంది.

ఎం.2 పట్టీని ఏటవాలుగా, సుమారు 30 డిగ్రీల్లో దూర్చి, కిందికి వంచి చివర స్క్రూ బిగించాలి. బంగారు గీతలు బయటికి కనిపిస్తుంటే పూర్తిగా వెళ్ళలేదన్నమాట. స్క్రూ చాలాసార్లు ఎస్ఎస్‌డీ పెట్టెలో రాదు, ముందుగా చూసుకోండి.

మొదటిసారి ఆన్ చేసేటప్పుడు పాత డిస్క్ కూడా తగిలించి ఉంచొచ్చా?

వద్దు. క్లోన్ అయిన రెండు డిస్క్‌లకూ ఒకే గుర్తింపు సంఖ్య ఉండొచ్చు. రెండూ కనిపిస్తే విండోస్ ఒకదాన్ని ఆఫ్‌లైన్‌లో పెట్టేస్తుంది, లేదా కొత్తదనుకుని పాతదాని నుంచే బూట్ అవుతుంది. కొత్త డిస్క్ ఒక్కదాన్నే పెట్టి రెండు, మూడుసార్లు రీస్టార్ట్ చేసి చూశాకే పాతది తగిలించండి.

ఆన్ చేస్తే బూట్ డివైస్ లేదంటోంది. ఏం చెయ్యాలి?

బయోస్‌లోకి వెళ్ళి కొత్త ఎస్ఎస్‌డీ పేరు కనిపిస్తోందా చూడండి. కంపెనీని బట్టి ఎఫ్2, డిలీట్ లేదా ఎఫ్10 నొక్కాలి. పేరు లేకపోతే సరిగ్గా గుచ్చలేదు, లేదా ఆ స్లాట్‌కి ఆ రకం పడదు. పేరు ఉంటే బూట్ క్రమంలో విండోస్ బూట్ మేనేజర్‌ను పైకి తెండి. పాత డిస్క్ లెగసీలో నడిచి ఇప్పుడు బయోస్ యూఈఎఫ్ఐలో ఉంటే, లేదా అటుదిటైతే, అదే కారణం.

అవన్నీ సరిగ్గా ఉన్నా రాకపోతే బూట్ ఫైళ్ళు కాపీ కాలేదు. విండోస్ ఇన్‌స్టాలేషన్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్ అయి రిపేర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరవండి. డిస్క్‌పార్ట్‌లో లిస్ట్ వాల్యూమ్ కొట్టి, ఎఫ్ఏటీ32 ఉన్న చిన్న వాల్యూమ్‌ను సెలెక్ట్ చేసి, దానికి ఎస్ అనే అక్షరం ఇవ్వండి. బయటికొచ్చి బీసీడీబూట్ సి:\విండోస్ /ఎస్ ఎస్: /ఎఫ్ యూఈఎఫ్ఐ కొట్టండి. ఆ తెరలో విండోస్ ఉన్న డ్రైవ్ సి కాకుండా డి కావొచ్చు, ముందుగా డిఐఆర్ కొట్టి చూసుకోండి.

లోగో వచ్చి నీలం తెర పడుతోంది, ఇన్‌యాక్సెసిబుల్ బూట్ డివైస్ అంటోంది.

బూట్ ఫైళ్ళు బాగానే ఉన్నాయి. కొత్త డిస్క్‌ను చదివే డ్రైవర్ మొదటి క్షణంలో సిద్ధంగా లేదు. సాటా నుంచి ఎన్‌వీఎంఈకి మారినప్పుడు ఇది ఎక్కువ. ఒకసారి సేఫ్ మోడ్‌లో బూట్ అయితే చాలాసార్లు దానంతటదే సర్దుకుంటుంది. రెండు మూడుసార్లు బూట్ విఫలమైతే రిపేర్ తెర వస్తుంది, అక్కడి స్టార్టప్ సెట్టింగ్స్‌లో 4 నొక్కండి.

తగ్గకపోతే బయోస్‌లో స్టోరేజ్ పద్ధతి చూడండి. పాత డిస్క్ ఏహెచ్‌సీఐలో ఉండి ఇప్పుడు రెయిడ్ లేదా ఇంటెల్ వీఎండీ ఆన్ అయి ఉంటే, పాత సెట్టింగ్‌కే తిప్పండి. ఎన్‌వీఎంఈకి వేరే స్లాట్ ఉన్న యంత్రమైతే క్లోన్‌కి ముందే దాన్ని అందులో బిగించి విండోస్‌ను ఒకసారి ఆన్ చెయ్యడం మంచి ముందుజాగ్రత్త. డ్రైవర్ అప్పుడే పడిపోతుంది.

విండోస్ యాక్టివేషన్ పోతుందా?

మామూలుగా పోదు. డిజిటల్ లైసెన్స్ ప్రధానంగా మదర్‌బోర్డుకు ముడిపడి ఉంటుంది. పోయిందని చూపిస్తే ఇంటర్నెట్ పెట్టి యాక్టివేషన్ పేజీలో ట్రబుల్‌షూట్ నొక్కండి.

## పని మొదలయ్యాక

1 టీబీ వేశాను, సి డ్రైవ్ మాత్రం పాత సైజే చూపిస్తోంది.

మిగిలింది చివర కేటాయించని ఖాళీగా ఉంది. డిస్క్ మేనేజ్‌మెంట్‌లో ఎక్స్‌టెండ్ బూడిదరంగులో ఉంటే సికి, ఆ ఖాళీకి మధ్య రికవరీ పార్టిషన్ అడ్డుగా ఉంది. విండోస్ పక్కనే ఉన్న ఖాళీనే కలుపుకోగలదు. జీపార్టెడ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ అయి రికవరీని చివరికి జరిపి, తర్వాత సి పెంచండి. క్లోన్ చేసేటప్పుడే సైజు లాగి పెంచే సాఫ్ట్‌వేర్ అయితే ఈ పని తప్పుతుంది. ఒక టీబీ 931 జీబీగా కనిపించడం లోపం కాదు.

ఎస్ఎస్‌డీకి డిఫ్రాగ్ (ముక్కలైన ఫైళ్ళను ఒకచోట చేర్చడం) చెయ్యాలా?

అక్కర్లేదు. విండోస్‌లోని ఆప్టిమైజ్ డ్రైవ్స్ ఎస్ఎస్‌డీని గుర్తుపట్టి ట్రిమ్ చేస్తుంది, అంటే చెరిపేసిన ఫైళ్ళ చోటు ఖాళీ అయిందని డిస్క్‌కి చెబుతుంది. మీడియా టైప్ దగ్గర హార్డ్ డిస్క్ అనే చూపిస్తుంటే అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్‌లో విన్‌శాట్ ఫార్మల్ ఒకసారి నడపండి. పాత ఎక్స్‌పీ కాలం నుంచి క్లోన్ మీద క్లోన్‌గా వచ్చిన డిస్క్ అయితే పార్టిషన్ 63వ సెక్టార్ నుంచి మొదలై ఉండొచ్చు, దానివల్ల రాసే వేగం తగ్గుతుంది. మొదలు 1024 కేబీ దగ్గర ఉండాలి.

ఎస్ఎస్‌డీ వేసినా నెమ్మదిగానే ఉంది.

మొదటి రోజు ఇండెక్సింగ్, అప్‌డేట్లు నడుస్తాయి, కొంచెం ఆగండి. తర్వాత కూడా అలాగే ఉంటే విండోస్ ఏ డిస్క్ నుంచి నడుస్తోందో చూడండి. రెండు డిస్క్‌లున్న డెస్క్‌టాప్‌లలో ఇంకా పాతదే బూట్ అవుతూ ఉండటం చాలా సామాన్యం. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో ట్రాన్స్‌ఫర్ మోడ్ సాటా/300 అని ఉంటే పాత పోర్టులో పెట్టారు. సాటా/600 పోర్టు ఉంటే అందులోకి మార్చండి. డిస్క్ 90 శాతం నిండినా, ముఖ్యంగా చవక క్యూఎల్‌సీ రకమైతే, రాసే వేగం బాగా పడిపోతుంది.

పక్కన ఉబుంటు కూడా ఉంది. అదీ వస్తుందా?

మొత్తం డిస్క్ క్లోన్ చేస్తే వస్తుంది. పార్టిషన్ల గుర్తింపు సంఖ్యలు (యూయూఐడీలు) అవే ఉంటాయి కాబట్టి ఉబుంటు వాటిని రాసుకున్న ఎఫ్‌స్టాబ్ ఫైలు మార్చక్కర్లేదు. కానీ బూట్ మెనూ వివరం మదర్‌బోర్డులో పాత డిస్క్ పేరు మీద ఉంటుంది, అందుకే నేరుగా విండోస్‌కి వెళ్ళిపోతుంది. ఉబుంటు లైవ్ పెన్‌డ్రైవ్ నుంచి బూట్-రిపేర్ నడిపితే గ్రబ్ అనే ఆ బూట్ మెనూ తిరిగి వస్తుంది.

## పాత డిస్క్

పాత డిస్క్‌ను ఎప్పుడు ఫార్మాట్ చెయ్యొచ్చు? ఎక్స్‌టర్నల్‌గా వాడుకోవచ్చా?

రెండు వారాలు పక్కన పెట్టండి. జీతాల రోజు, జీఎస్టీ రిటర్న్ రోజు లాంటి అరుదైన పనులు కూడా కొత్త డిస్క్ మీద ఒకసారి జరిగిపోవాలి. తర్వాత 2.5 అంగుళాల కేసింగ్‌లో ఎక్స్‌టర్నల్‌గా వాడుకోవచ్చు. డీవీడీ డ్రైవ్ స్థానంలో క్యాడీ అనే చట్రంతో పెట్టాలంటే మీ డీవీడీ డ్రైవ్ మందం 9.5 మిల్లీమీటర్లా, 12.7నా కొలిచి కొనండి.

పాత ఈఎఫ్ఐ, రికవరీ పార్టిషన్లను డిస్క్ మేనేజ్‌మెంట్ తొలగించనివ్వదు. డిస్క్‌పార్ట్‌లో ఆ డిస్క్‌ను సెలెక్ట్ చేసి క్లీన్ కొట్టాలి. అది ఆరా తియ్యదు, నిర్ధారణ అడగదు, కొట్టిన క్షణంలో అయిపోతుంది. లిస్ట్ డిస్క్‌లో సైజు చూసి, వీలైతే ముఖ్యమైన మిగతా డిస్క్‌లు ఊడదీసి చెయ్యండి.

పాతది అమ్మేద్దామనుకుంటున్నా. ఫార్మాట్ చేస్తే చాలా?

క్విక్ ఫార్మాట్ చాలదు, మామూలు రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఫొటోలన్నీ తిరిగొస్తాయి. డిస్క్‌పార్ట్‌లో క్లీన్ బదులు క్లీన్ ఆల్ కొడితే ప్రతి సెక్టార్‌లోనూ సున్నా రాస్తుంది. 500 జీబీకి రెండు గంటల దాకా పట్టొచ్చు, ఆ తెరలో శాతం కూడా కనిపించదు, ఓపిక పట్టాలి. హార్డ్ డిస్క్‌కి ఒక్కసారి రాస్తే సరిపోతుంది, ఏడుసార్లు అక్కర్లేదు. సెక్టార్లు చెడిపోయి రాయడానికి కూడా సహకరించని డిస్క్‌ను అమ్మకండి. పళ్ళేల దాకా డ్రిల్‌తో రంధ్రాలు చేసి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకు ఇవ్వండి. కొన్ని 2.5 అంగుళాల డిస్క్‌ల పళ్ళేలు గాజువి, పగిలితే ముక్కలు ఎగురుతాయి కాబట్టి కళ్ళద్దాలు పెట్టుకుని చెయ్యండి.